నక్కమ్మ గొంతు మారింది

ఉదయం పది గంటలకు ఎపిసోడ్ విడుదలైంది. పదకొండయ్యేసరికి దాని కింద రెండు వందల పైచిలుకు అభిప్రాయాలు చేరాయి. చెల్లెలు వంటింటి గట్టుకు ఆనుకుని ఒక్కొక్కటే చదువుతోంది.

అదొక బొమ్మల సీరియల్. సముద్రంలో మునిగిపోయిన ఊరిని వెతుక్కుంటూ ఇద్దరు పిల్లలు బయలుదేరతారు. వాళ్లకు దారి చూపేది ఒక ముసలి నక్క. నాలుగేళ్లుగా ఆ నక్కకు గొంతిచ్చింది అక్క. చూసేవాళ్లు ముద్దుగా నక్కమ్మ అని పిలుచుకునేవారు. మొన్న వేసవిలో అక్కకు మెడ దగ్గర గడ్డ తీశారు. గడ్డ పోయింది గానీ గొంతు తిరిగి రాలేదు. గుసగుస మాత్రం మిగిలింది. అది కూడా వాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాత్ర చెల్లెలికి వచ్చింది. చిన్నప్పటి నుంచి అక్కను అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషే కదా, ఎవరూ తేడా కనిపెట్టరనుకున్నారు.

మొదటి నిమిషంలోనే కనిపెట్టేశారు.

నక్కమ్మను ఎవరో మింగేసి, ఆవిడ శాలువా కప్పుకుని కూర్చున్నట్టుందని ఒకరు రాశారు. టీవీ కట్టేయమని తన పాప ఏడ్చిందని ఒక తల్లి రాసింది. పాత ఆవిడను పిలిపించమని పదుల మంది.

ఇంతలో డబ్బింగ్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. తర్వాతి ఎపిసోడ్ రికార్డింగ్ మూడు గంటలకు ఉంది. అదే వేళకు ఇంకో ఇద్దరిని కూడా రమ్మన్నానని, ఏమీ అనుకోవద్దని అన్నాడు. అనుకోవడానికి ఇంకేం మిగిలిందని చెల్లెలు మనసులోనే అనుకుంది.

ఫోన్ దాచేసి, మంచినీళ్లు పట్టుకుని అక్క గదిలోకి వెళ్లింది. అక్క ఒళ్లో ట్యాబ్ ఉంది. తెర మీద అవే అభిప్రాయాలు.

ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసే అక్క ఈసారి పుస్తకం పక్కకు నెట్టింది.

"మొదటి పది చదివినప్పుడు నాకు సంతోషమేసింది," అంది, గరగరలాడే గుసగుసతో. "నన్ను మర్చిపోలేదని. నువ్వు తిట్లు తింటున్నావని తెలిసి కూడా."

"మాట్లాడకక్కా, డాక్టరు వద్దన్నాడు," అంది చెల్లెలు.

"విను. పంతొమ్మిదో నిమిషం దగ్గర ఏం చేశావు?"

అక్కడ తాళ్ల వంతెన తెగిపోతుంది. పిల్లలు అవతలి గట్టున ఉండిపోతారు. పారిపొమ్మని నక్క అరుస్తుంది. ఆ అరుపు దగ్గర చెల్లెలు అన్నీ మరిచిపోయి తన గొంతుతోనే అరిచేసింది. తప్పయిందని మళ్లీ చెప్తానంటే సౌండ్ ఇంజనీరు టైం లేదన్నాడు.

"అక్కడ ఒక్కరూ తిట్టలేదు," అంది అక్క. "ఒళ్లు గగుర్పొడిచిందని ముగ్గురు రాశారు. మిగతా అంతా నా దగ్గూ నా ముక్కు గొంతూ పెట్టుకుని లాక్కొచ్చావు. వదిలెయ్."

"వదిలేస్తే నీ నక్కమ్మ పోతుందిగా."

"పోయింది కదే."

ఆ మాట అనేసి మంచినీళ్లు తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది.

స్టూడియోలో ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద కూర్చుని, అచ్చం అక్క గొంతుతో డైలాగులు గొణుక్కుంటున్నారు. ఈసారి తన సొంత గొంతుతో చెప్తానని చెల్లెలు డైరెక్టర్‌ను అడిగింది. ఒక మార్పుకే జనం మీద పడుతుంటే ఇంకో మార్పా అన్నాడాయన.

"ఒక్క సీన్ వినండి సార్. నచ్చకపోతే వాళ్లను పిలవండి."

ఆయన గడియారం చూసి, రికార్డింగ్ గది తలుపు వైపు చెయ్యి చూపించాడు.

చెల్లెలు మైకు ముందు నిలబడింది. మొదటి మాటకే అక్క దగ్గు దానంతటదే వచ్చేసింది. ఆగి, ఇంకోసారి చెప్తానంది. రెండోసారి నెమ్మదిగా, కొంచెం కోపంగా, తనకు వచ్చినట్టు చెప్పింది. అద్దం అవతల డైరెక్టర్ ఇంజనీరుతో ఏదో అంటున్నాడు. వినబడదు. చాలాసేపు మాట్లాడాడు.

"రెండో సీన్ కూడా చెప్పు," అని హెడ్‌ఫోన్‌లో ఆయన గొంతు వినిపించింది.

ఐదింటికి బయట బెంచీ మీదున్న ఇద్దరినీ పంపించేశారు.

మరుసటి వారం అభిప్రాయాలు సగం అటూ సగం ఇటూ వచ్చాయి. ఇక చూడబోమని కొందరు వెళ్లిపోయారు కూడా. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని అన్నీ చదివారు. తర్వాత అక్క, ఆరు చోట్ల తొందరపడ్డావని కాగితం మీద రాసిచ్చింది. చెల్లెలు నాలుగు ఒప్పుకుంది. మిగతా రెండింటి మీద సాయంత్రమంతా వాదించుకున్నారు, ఒకరు నోటితో, ఒకరు పెన్నుతో.