రమీజా రాసే పన్నెండు నెలలు

"నీకు శ్రమెందుకని నేనే జవాబిచ్చేసా," అన్నాడు నిసార్, అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ. "పన్నెండు నెలలకి పన్నెండు వంటలు. కింద మన నెట్ సెంటర్ పేరు వెయ్యమన్నా. ఇంకేం రాస్తావులే నువ్వు!"

రమీజా కంచం తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నందిగామ బస్టాండు ఎదుటే వాళ్ల నెట్ సెంటర్. మధ్యాహ్నం నిసార్ తిన్నాక కునుకు తీసి వచ్చేదాకా అక్కడ కూర్చునేది రమీజానే. అలా కూర్చున్న వేళల్లోనే, రెండువేల ఏడులో, తెలుగులో బ్లాగు మొదలుపెట్టింది. రాసినవన్నీ వంటలే. అవి చదివి 'మనోజ్ఞ' అనే వెబ్ పత్రిక సంపాదకురాలు మెయిల్ పంపింది. కొత్త సంవత్సరం నుంచి నెలకొకటి, వంటైనా కథైనా, రాయాలి, ఏ నెల ఏం రాస్తారో ముందే చెప్పాలి. ఆ మెయిల్‌కే నిసార్ జవాబిచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం సెంటర్లో ఎవరూ లేరు. రమీజా నెలలు తలుచుకుంది. మార్చి అనగానే మిరపకాయలు గుర్తొచ్చాయి, పచ్చడి కాదు. వీరులపాడు నుంచి బస్తా వచ్చిన రోజు తొడిమలు తీసీ తీసీ చేతులు భగభగ మండుతుంటే, ఏడుస్తున్న తన చంటిపిల్లని ముట్టుకోలేక తనూ ఏడ్చింది. మే అంటే జగ్గయ్యపేట, పుట్టిల్లు. బస్సు దిగి ఇంట్లోకి రాగానే అమ్మ, "వచ్చావా, కాస్త ఆ పొయ్యి చూడవే" అంటుంది. సెప్టెంబరులో రంజాను. తెల్లారకముందు తినే సహరీకి అందరికన్నా ముందు లేచేది తను, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌లో అందరి తర్వాత ఖర్జూరం నోట పెట్టుకునేది తను. "వండేవాళ్లకి ఆకలేంటే, వాసనకే కడుపు నిండుద్ది" అంటుంది అత్త. ఇవన్నీ ఎవరైనా చదువుతారా? చదివితే ఇంటి పరువు పోయిందంటారా? ఎంత ఆలోచించినా వంటల్లోకి మాత్రం మనసు మళ్లలేదు. కీబోర్డు మీద కొట్టడం మొదలుపెట్టాక వేళ్లు ఆగలేదు.

"మేడం, ముందు వెళ్లిన జవాబు మావారిది. ఇది నాది," అని మొదలుపెట్టి, పన్నెండు నెలలకీ ఏ నెల ఏ కథ రాస్తుందో రాసి పంపేసింది. ఆ వెంటనే పాస్‌వర్డ్ మార్చింది.

నిసార్ వచ్చేసరికి ఆ మెయిల్ ఇంకా తెర మీదే ఉంది. నిలబడే చదివాడు.

"మన ఇంట్లో సంగతులు లోకానికి చెప్తావా?"

"మీ పేరు రాయనండీ. నా పేరే వేస్తారు."

"నువ్వు రాసుకుంటా కూర్చుంటే ఆదివారం చుట్టాలొస్తే వంటెవరు చేస్తారు?"

"నేను చెయ్యను."

పెళ్లయి వచ్చాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. నిసార్ ఇంకా ఏదో అంటున్నాడు. రమీజా కుర్చీ ముందుకు లాక్కుని, జనవరి కథలో మొదటి వాక్యం కొట్టసాగింది.