వేడిగది గచ్చు కింద

ఫోన్ పెట్టేసి ముజెయ్యెన్ ఒక్క గంతు వేసింది. "ఒప్పుకున్నారు! మన హమాములో పిల్లల లైబ్రరీ పెట్టుకోవచ్చట!"

టర్కీలోని బుర్సాలో ఆ పాత స్నానశాల మూతబడి చాలా ఏళ్లయింది. కొత్తగా పెళ్లయిన ముజెయ్యెన్, ఇల్హామి అనే ఈ ఇద్దరు ఆర్కిటెక్టులకూ జంటగా దొరికిన మొదటి పని అదే. గుమ్మటం గాజుకళ్లలోంచి రాలే వెలుగుచుక్కల మధ్య ఇల్హామి ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ ఊపులోనే, "కింద గచ్చుని మోసే స్తంభాలు గట్టిగా ఉన్నాయో లేదో చూసొస్తా," అంటూ గది పక్కనున్న పాత పొయ్యి నోట్లో దూరాడు. వేడిగది గచ్చు కింద, ఒకప్పుడు మంటలు పరుగులు తీసిన ఆ బోలు జాగాని అక్కడ నరకం అనే పిలుస్తారు.

"దస్తూర్ అనవయ్యా!" తాళాలు చూసుకునే జుల్ఫియే పిన్ని అరిచింది. "ఖాళీ హమాములో జిన్నులుంటాయి. దస్తూర్ అని సెలవడక్కుండా దూరతారా?"

"వాటికీ లైబ్రరీ కార్డులిస్తాంలే పిన్నీ!"

ముజెయ్యెన్ పకపకా నవ్వి, పాలరాతి మీద చెక్క పావుకోడుతో కొట్టింది. కింద నుంచి టక్‌టక్‌మని జవాబు.

"నరకం ఎలా ఉందోయ్?"

"మీ అమ్మ వంటింటికన్నా చల్లగా ఉంది!"

కాసేపాగి మళ్లీ కొట్టింది. జవాబు లేదు.

"ఇల్హామీ! వేళాకోళాలొద్దు."

ఆమె గొంతే గుమ్మటం చుట్టూ తిరిగి ఆమె మీదే పడింది. ఎక్కడో బలహీనంగా ఒక చప్పుడు. గోడలోనా? వెనకనా? గుమ్మటం కింద ఏ చప్పుడు ఎటునుంచో చెప్పలేం. ముజెయ్యెన్ బోర్లా పడి చెంప రాతికి ఆనించింది.

"దస్తూర్... దస్తూర్... నా మొగుణ్ని నాకిచ్చెయ్యండి," అంటూ పాకింది. మూల తొట్టి దగ్గర చెవి కిందే చప్పుడు దడదడలాడింది. రాళ్ల మధ్య పగులుకి నోరు పెట్టింది.

"కాలు ఇరుక్కుంది," కింద నుంచి దగ్గు. "బూడిద... ఊపిరాడట్లేదు."

"బూటు వదిలేసి లాగెయ్! నా చప్పుడు వెంటే రా!"

పావుకోడుతో రాతిని కొడుతూ పొయ్యి వైపు వెనక్కి జరిగింది. కింద ఈడుపు చప్పుడు ఆగినప్పుడల్లా ఇంకా గట్టిగా కొట్టింది.

చివరికి నల్లటి ముఖమొకటి పొయ్యిలోంచి బయటికొచ్చింది. ముజెయ్యెన్ అతన్ని రెండు దెబ్బలు వేసి, ఆనక వాటేసుకుని ఏడ్చింది.

"స్తంభాలు సగమే చూశా," అన్నాడతను దగ్గుతూ. "మిగతా సగం చూడకుండా పైన పిల్లల్ని ఎలా కూర్చోబెడతాం?"

ముజెయ్యెన్ అతని ముఖం మీది బూడిద చేత్తో తుడిచింది.

"రేపు పొద్దున్న నేను దిగుతా. నీకన్నా సన్నంగా ఉన్నాను. నడుముకి తాడు కట్టుకుంటా, రెండో కొస నువ్వు పట్టుకో. పైన నిలబడి భయపడటం ఇక నీ వంతు."