కర్రకు కట్టిన చొక్కా

కాపలావాళ్ల మోటారు పడవ పెదనాన్న దోనెను గుద్దుతుంటే ఒడ్డున మేమంతా చూశాం. దోనె తిరగబడింది. ఆయన చేతిలోని వెదురుకర్ర, దాని కొసకు కట్టిన పాత చొక్కా కాసేపు నీళ్లపైన ఊగాయి. తర్వాత చొక్కా ఒక్కటే తేలింది.

చెరువు తుంగలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో మేం అక్కడ చొక్కా కట్టిన కర్ర పాతుతాం. అది కనబడితే ఎంత ఆకలి మీదున్నా ఎవరూ వల వెయ్యరు.

పోయినేడు ప్రభుత్వం తరఫున యూనివర్సిటీ వాళ్లొచ్చారు. "చెరువును ఎలా కాపాడాలో మీరే చెప్పండి. విధానం మీతో కలిసే రాస్తాం" అన్నారు. మమ్మల్ని అడిగేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారని పొంగిపోయాం. పెదనాన్న ప్రొఫెసరును తన దోనెలో తిప్పి గుడ్లు పెట్టే చోటల్లా చూపించాడు.

ఆయన వేలుపెట్టి చూపిన చోటల్లా కంచె పడింది. కాపలా పెట్టి మమ్మల్ని రావద్దన్నారు. కాంట్రాక్టరు విహార పడవలు మాత్రం తుంగను చీల్చుకుంటూ తిరుగుతున్నాయి. గుడ్ల కాలం రాగానే పెదనాన్న కర్ర పట్టుకుని బయల్దేరాడు.

"కంచె ఉంది కదా!" అన్నాం.

"ఆ సంగతి చేపకెవరు చెప్పార్రా?" అని నవ్వాడు. అదే ఆఖరి మాట.

ఆయన్ని సాగనంపాక ప్రొఫెసరు పలకరించడానికొచ్చాడు. వలలు అల్లే పాకలో జనం కిక్కిరిశారు. వెంట వచ్చిన విద్యార్థిని, పెదనాన్న కూతురైన మా అక్క చేతులు పట్టుకుంది.

"మీరు చెరువులోకి రావచ్చనే రాశామక్కా. పైన కొట్టేశారు."

"కొట్టేస్తే మీరేం చేశారమ్మా?" అంది అక్క.

ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే సమీక్షలో..."

"అందాకా గుడ్లు ఆగుతాయా సారూ?" అంది పిన్ని.

అక్క ఆయన వైపు తిరిగింది. "ఎండ తగుల్తుందని నాన్న తన తువ్వాలు నీ నెత్తిన కప్పాడు. గుర్తుందా?"

"నీళ్లలో దొరికిన నాన్న చొక్కానే రేపు అక్కడ పాతుతా" అంటూ వెదురుకర్ర అందుకుంది.

"కేసులు పెడతారే పిల్లా! ఇళ్లు గడవొద్దా?" అన్నాడు మామ.

"నాన్న ఒక్కడే పోయాడు మామా. మనం ఒడ్డున నిలబడి చూశాం. ఇంకోసారి అలా చూడలేను."

మామ తెడ్డు అందుకున్నాడు.

తెల్లారి దోనెలన్నీ ఒకేసారి కదిలాయి. ప్రొఫెసరు పిలుస్తున్నా వినకుండా ఆ విద్యార్థిని మా దోనె ఎక్కింది. కంచె తీగలు తెంచాం. తండ్రి చొక్కా కట్టిన కర్రను అక్క తుంగలో పాతింది. మగవాళ్లమంతా మా చొక్కాలూ విప్పి కర్రలకు కట్టాం. తుంగ పొడుగునా చొక్కాలే.

ఇంతలో విహార పడవ వచ్చింది. నడిపేవాడూ రోజుకూలీయే.

"ఆపకు! తొక్కించెయ్!" అని పడవలోని కాపలావాడు అరిచాడు.

నడిపేవాడు ఇంజను ఆపేశాడు. "నావల్ల కాదు సార్. ముందు చొక్కా ఉంది."

పోలీసులు మమ్మల్ని ఒట్టి ఒళ్లతోనే వ్యాను ఎక్కించారు. అక్క కిటికీలోంచి తండ్రి చొక్కా వైపు చూసి, ఆయన పోయాక మొదటిసారి భోరుమంది. పడవ నడిపేవాడు ఆమె పక్కన తలొంచుకుని కూర్చున్నాడు. అతని ఒంటిమీదా చొక్కా లేదు.