కండువా మడతలో మైకు

“ఊపిరి బిగబట్టకు మావా. మామూలుగా ఉండు,” అంటూ మీరావలి బుల్లయ్య చొక్కా రెండో గుండీ విప్పి లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

“మామూలుగా ఎట్టా ఉండమంటావురా అల్లుడూ? పెళ్ళైన కొత్తలో మీ అత్త కూడా నన్నింత తడమలేదు.”

మిరప కల్లంలో తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మీరావలి నవ్వలేదు. అతని వేళ్ళ మధ్య కందిగింజంత మైకు ఉంది. దానికి సన్నని నల్ల వైరు తోక. ఆ తోకని బనీను కిందుగా నడిపించి, వీపు వెనక మొలతాడు దగ్గర దోపిన చిన్న డబ్బాకి కలపాలి. బుల్లయ్య నోట్లోంచి వచ్చిన మాటని ఆ డబ్బా గాలిలోకి వదిలితే, అవతల మీరావలి చెవుల మీది హెడ్‌ఫోన్లు పట్టుకుంటాయి. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి మాత్రం ఇవేవీ కనబడకూడదు. ఒక పెద్దాయన పొలం గట్టున నిలబడి తమతోనే మాట్లాడుతున్నాడని వాళ్ళు అనుకోవాలి.

మైకు చివర చిటికెడు దూది చుట్టి, బుల్లయ్య ఎడమ భుజం మీది కండువా మడతలో దాచాడు. ఆ దూది బజారుది కాదు. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే దిండు మూలలోంచి పీకి తెచ్చుకుంటాడు. ఇంకో ఏడాదికి గలీబు మీదే పడుకోవాలని భార్య రహిమున్నీసా సణుగుతుంది. కానీ దిండులో దూదికి ఉన్న మెత్తదనం వేరు. ఆ సంగతి అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తండ్రి దూదేకులాయన. నరసరావుపేట చుట్టుపక్కల ఆయన ఏకిన పరుపు మీద పడుకుని లేచి పెళ్ళాంతో పోట్లాడిన మగాడు లేడని చెప్పుకునేవారు. చెప్పినవాళ్ళందరూ మగాళ్ళే అనుకోండి.

మీరావలికి దూది ఏకే వింటి కన్నా, ఆ వింటినారి చేసే మోత నచ్చింది. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకీ, ఉరుసులకీ, ఎన్నికలకీ మైకుసెట్టు కట్టాడు. నాలుగూళ్ళకి వినబడేలా చెయ్యడం అప్పటి పని. తర్వాత గుంటూరు బ్రాడీపేటలో మేడమీద నడిచే చిన్న ఛానల్లో చేరాడు. అక్కడ ఎవరికీ కనబడకుండా చెయ్యడమే పని. మనిషి కూడా ఈ పనికి తగ్గట్టే తయారయ్యాడు. యాభై ఏడేళ్ళు, సన్నగా, ముందుకు వంగిన మెడ, హెడ్‌ఫోన్ల ఒత్తిడికి చెవుల పైన జుట్టు రాలి రెండు నున్నటి దారులు. ఎవరి పెళ్ళి ఫోటోలోనూ కనబడడు.

“మాట్లాడు మావా, లెవెలు చూడాలి. పొద్దున ఏం తిన్నావు?”

“తినడం కాదురా, విను. మా నాన్న హయాంలో ఒక ఏడు కాయ ఎంత ఘాటుగా పండిందంటే, కల్లంలో రాశి తిరగేస్తే మాచర్ల రైలు తుమ్మింది. ఒక్క తుమ్ముకి రెండు బోగీలు వెనక్కెళ్ళినయ్యి. గార్డు వచ్చి మా నాన్న కాళ్ళు పట్టుకున్నాడు, రాశి మీద పట్టా కప్పమని.”

కెమెరా నాగేంద్రబాబు నవ్వాడు. హెడ్‌ఫోన్లలో రైలూ, తుమ్మూ, గార్డూ స్పష్టంగా వినిపించాయి. ఒక్కో వాక్యం చివర ఇంకొకటి కూడా వినిపించింది. సన్నగా, తలుపు సందులోంచి గాలి దూరినట్టు, కీచుమని.

మొదటిసారి అది విన్నది వినాయకచవితి వెళ్ళిన వారం. అప్పట్లో మైకుని రొమ్ము మధ్యలో, చర్మానికి ప్లాస్టరుతో అంటించేవాడు. మాట మంచి గంభీరంగా వచ్చేది. ఆ రోజు మాట వెనకాల ఈ కూత. వైరు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, పోలేదు. చివరికి మైకుని కాలరు కిందికి జరిపితే పోయింది. సంక్రాంతి నాటికి కాలరు దగ్గరా వినపడసాగింది. అప్పుడు కండువాలోకి మార్చాడు. ఆరు నెలల్లో మైకు జానెడు పైకి పోయింది.

హెడ్‌ఫోన్లు ఉన్నది ఒకటే జత. ఆ కూత విన్నది ఒకడే మనిషి.

ఇంట్లో బుల్లయ్య భార్య వెంకటరావమ్మకి చెవుడు. అందుకే నలభై ఐదేళ్ళు కాపురం నిలబడిందని బుల్లయ్య అంటాడు. ఒకసారి మీరావలి అడిగాడు కూడా. “తుఫాను రాత్రి నోరు తెరిచి నిద్రపోయానురా. కీచురాయి లోపలికెళ్ళింది. ఖాళీ చెయ్యమంటే చెయ్యదు,” అన్నాడు బుల్లయ్య. ఆపైన చెయ్యి పట్టుకున్నాడు. “మైకు దాచినట్టే దీన్నీ దాచరా అల్లుడూ. ఆ పిల్లకి తెలిసిందంటే మర్నాడే ఇంకొకణ్ణి పెట్టుద్ది.”

ఆ పిల్ల అంటే శ్రీరమ్య, బుల్లయ్య మాట్లాడే ఈ వ్యవసాయ కార్యక్రమం నడిపే అమ్మాయి. అంతకు రెండేళ్ళ ముందు ఛానలు వాళ్ళు మీరావలికి వయసైపోయిందని తీసెయ్యబోతే, వాడు తప్ప ఇంకెవడు నా చొక్కాలో చెయ్యి పెట్టినా కొరుకుతానని ఆఫీసులో కూర్చుని అడ్డుపడినవాడు బుల్లయ్యే. కాబట్టి మీరావలి దాచాడు. దాచడం అతనికి చేతనైన పని.

మిరప సాళ్ళ మధ్య నడుస్తూ మాట్లాడే భాగం మూడుసార్లు తీశారు. మూడుసార్లూ బుల్లయ్య సగంలో ఆగి, మొక్కని పరిశీలిస్తున్నట్టు వంగాడు. మొక్కని చూడటం లేదని మీరావలికి వినబడుతూనే ఉంది. శ్రీరమ్య తీసినదాన్ని వెనక్కి తిప్పి చూసుకుని మొహం చిట్లించింది.

“మీరావలి గారూ, ఏంటిది, ఏదో కీచుమంటోంది?”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. బుల్లయ్య గట్టు మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు.

“గాలమ్మా,” అన్నాడు మీరావలి. “పైగా ఈ మైకు పాతదైపోయింది. సర్దుతాను.”

“వచ్చేవారం కొత్తది తీసుకుందాం లెండి.”

సర్దడానికన్నట్టు బుల్లయ్య దగ్గరికి వెళ్ళి, దూది ఇంకొంచెం దట్టంగా పెట్టాడు. దగ్గరగా చూస్తే పెదవుల అంచులు కొంచెం నేరేడుపండు రంగుకి తిరిగాయి.

“మావా, రేపు బ్రాడీపేట రా. ఛాతీ డాక్టరు దగ్గరికి నేను తీసుకుపోతా. ఎవరికీ చెప్పను.”

“పోతే ఏమంటాడు? దుమ్ములోకి పోవద్దంటాడు, కారం ఘాటు పీల్చొద్దంటాడు. ఇంట్లో కూర్చుంటే నా అబద్ధాలు ఎవరు వింటార్రా? మీ అత్తకి రైలు కథ మొదలెట్టి పదేళ్ళయింది, ఇంకా స్టేషను దాటలేదు.”

“నవ్వులాట కాదు మావా.”

“నేను నవ్వట్లేదే.” నిజంగానే నవ్వలేదు. “ఈ పంట అయిపోనీ. వస్తాలే.”

మీరావలి తల ఊపాడు. ఊపుతున్నప్పుడే తన మీద తనకి అసహ్యం వేసింది.

మధ్యాహ్నం కల్లం పక్కనున్న పాకలో బుల్లయ్య రెండు ముద్దలు మజ్జిగన్నం తిని, నులక మంచం మీద ఒరిగాడు. ఇంకొక భాగం తియ్యాల్సి ఉంది.

“మైకు తియ్యమంటావా?”

“ఉండనీరా. మళ్ళీ మొదటి నుంచీ తడమాలి నువ్వు.”

పడుకున్న మనిషి మీద మైకు తెరిచి ఉంచడం మర్యాద కాదు. మీరావలి ఎప్పుడూ కట్టేసేవాడు. ఇవాళ కట్టెయ్యబోయి, చెయ్యి ఆపుకున్నాడు. వేపచెట్టు కింద కూర్చుని, కూత ఎంతుందో విందామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చాలా ఉంది. రహిమున్నీసా కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తెరిచాడు కానీ, అది వింటూ ముద్ద దిగలేదు. తన పెట్టె మీద బుల్లయ్య మైకు మీటని పూర్తిగా కిందికి దించాడు. అప్పుడు దిగింది.

భోజనాలయ్యాక శ్రీరమ్య కేకేసింది. “ఎడ్ల నాగలి భాగం తర్వాత తీద్దాం, ముందు ఇక్కడి చప్పుడు రికార్డు చేసుకోండి.”

ఏ చోటికి వెళ్ళినా ఒక నిమిషం ఆ చోటు ఊరికే ఉంటే ఎలా ఉంటుందో పట్టుకోవాలి. తర్వాత మాటల మధ్య అతుకులకి అదే పనికొస్తుంది. మీరావలి పెద్ద మైకుని కర్రకి కట్టి నిలబెట్టి చెయ్యి పైకెత్తాడు. పదిహేను మంది ఆడవాళ్ళు కాయలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఆపేశారు. నాగేంద్రబాబు ఫోను జేబులో పెట్టాడు. పాక పది అడుగుల దూరంలోనే ఉంది. ఆ కూత ఇందులోకి వస్తుందేమోనన్న భయంతో మీరావలి బుల్లయ్య మీట నెమ్మదిగా పెంచాడు.

ఏమీ లేదు. ఇంకా పెంచాడు. కండువా మీద ఈగ వాలి నడిచిన చప్పుడు, పాక కప్పులో ఎండుటాకు కదిలిన చప్పుడు. కూత లేదు.

దూది దట్టంగా పెట్టడం పనిచేసిందనుకున్నాడు. చాలా రోజుల తర్వాత మొదటిసారి శబ్దం శుభ్రంగా ఉంది. ఆ సంతోషంలో నిమిషం అయిపోయినా చెయ్యి దించలేదు. ఇంత మంచి నిశ్శబ్దం మళ్ళీ దొరకదని ఇంకో పదిహేను సెకండ్లు పట్టాడు.

చెయ్యి దించుతుండగా అర్థమైంది.

పాకలోకి వెళ్ళేసరికి బుల్లయ్య తల కొంచెం పక్కకి వాలి ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. “మావా,” అన్నాడు. వంగాడు. అతని చెయ్యి మణికట్టు మీదికి పోలేదు, ముక్కు దగ్గరికీ పోలేదు. కండువా మడతలోకి పోయి మైకుని బయటికి తీసింది. వెనకాలే పరుగెత్తుకొచ్చిన శ్రీరమ్య అది చూసింది.

వ్యానులోకి ఎక్కించారు. నరసరావుపేట ఆస్పత్రి అరగంట దూరం. అంత దూరం వెళ్ళి లాభం లేదని మోసినవాళ్ళందరికీ తెలుసు. అయినా మోశారు. వ్యాను తలుపు వెయ్యబోతూ శ్రీరమ్య ఆగింది.

“పొద్దున వినబడింది...”

“గాలి కాదమ్మా.”

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. వ్యాను దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కింది.

ఛానలు వాళ్ళలో మీరావలి ఒక్కడే కల్లంలో మిగిలి వైర్లు చుట్టాడు. ఆడవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకుని, “నిద్దట్లో పోయాడు, పుణ్యాత్ముడు. ఎవరికీ తెలియకుండా పోయాడు,” అంది. ఆ కూత ఏ క్షణాన ఆగిందో తెలుసుకోగల మనిషి భూమ్మీద ఒకడున్నాడు. వాడు మీట తగ్గించి పెరుగన్నం తిన్నాడు.

ఇప్పుడు ఊళ్ళోకి వెళ్ళి వెంకటరావమ్మకి చెప్పాలి. మెల్లిగా చెబితే ఆవిడకి వినబడదు. నలుగురూ వినేలా, కేకపెట్టి చెప్పాలి.

బుల్లయ్యని మోసేటప్పుడు మొలతాడు దగ్గరి మైకు డబ్బా జారిపడిందేమోనని పాకలోకి వెళ్ళి మంచం కింద చూశాడు. నిద్రకి ముందు తీసి పెట్టుకున్నట్టున్నాడు, స్టీలు గ్లాసులో నీళ్ళలో బుల్లయ్య పైవరుస కట్టుడుపళ్ళున్నాయి, పక్కనే గాలికి వచ్చి పడిన మిరపగింజ ఒకటి తేలుతోంది.