పరగడుపున వేసుకోకూడని మాత్ర

ఈ నొప్పంతా నిజంగా మనసులోనే ఉందేమో. పై అరలోని అన్నం గిన్నెల కోసం ఎత్తిన చెయ్యి భుజం దాకా కూడా రాక ఆగిపోయినప్పుడు మల్‌సున్‌కి మళ్ళీ అదే అనుమానం. వేసవి పోయినప్పటి నుంచీ ఇంతే. పొద్దున లేవాలంటే మంచం అంచుకి దొర్లి, మోకాళ్ళ మీద నేలకి జారి, కుర్చీ పట్టుకుని నిలబడాలి. భుజాల్లో, తుంట్లలో రాత్రికి రాత్రి ఎవరో సిమెంటు పోసి వెళ్ళినట్టుంటుంది. మధ్యాహ్నానికి కాస్త వదులుతుంది. ఆ వదలడమే ఆమె పాలిట శత్రువైంది. సాయంత్రం గిన్నెలు తోముతుండగా చూసినవాళ్ళు పొద్దుటి సంగతి నమ్మరు.

"పొద్దున చచ్చి సాయంత్రానికి బతికొస్తావేమే? ఇదేం రోగమమ్మా, గడియారం చూసుకుని వస్తుంది!" అంది అత్తగారు. మల్‌సున్ పనిచేసే బడి వంటశాలలో పెద్ద వంటావిడైతే, "భుజాలు నీ ఒక్కదానికేనా ఉన్నాయి?" అని పెద్ద గరిటె చేతిలో పెట్టింది. భర్త తేసిక్ అయితే, ఆమె నొప్పి గురించి చెప్తున్నంతసేపూ టీవీ శబ్దం కొంచెం తగ్గించేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో అదే ఆదరణ అనుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

డాక్టరమ్మ మాత్రం నమ్మింది. నమ్మిందనడం కూడా ఎక్కువే. "రక్త పరీక్షలో ఒంట్లో వాపు ఉన్నట్టు కనిపిస్తోంది కానీ జబ్బు ఇదేనని గట్టిగా చెప్పలేను. స్టెరాయిడ్ కొద్ది మోతాదుతో మొదలుపెడదాం. నాలుగైదు రోజుల్లో నొప్పి వదిలితే నా అనుమానం నిజమన్నట్టే. పొద్దున్నే ఏదైనా తిన్నాకే వేసుకోండి. మొదలుపెట్టాక మీ అంతట మీరు ఆపకండి" అంది.

ఆ మాత్రల పొట్లాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి.

"స్టెరాయిడా? ఎముకలు పిండైపోతాయి. మా చెల్లెలి మొహం ఆవిరి రొట్టెలా పొంగి, కళ్ళెక్కడున్నాయో వెతుక్కోవాల్సొచ్చింది" అంది అత్తగారు. "ఆదివారం కిమ్చీ పెట్టడం అయ్యాక మొదలుపెట్టరాదూ?" అన్నాడు తేసిక్. "మా చెల్లెళ్ళొస్తారు. నీ మొహం ఉబ్బి ఉంటే నేనే కొట్టాననుకుంటారు." అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఇద్దరాడపడుచుల ఇళ్ళకీ, కొడుకింటికీ చలికాలమంతా సరిపడా కిమ్చీ, ఆ క్యాబేజీ ఊరగాయ, ఏటా ఈమె చేతుల మీదుగానే వెళ్తుంది. బాల్కనీ నిండా క్యాబేజీలు పేర్చి ఉన్నాయి.

వాళ్ళు వద్దన్నందుకేనా వేసుకోలేదు? తనకి తను అబద్ధం చెప్పుకోలేకపోయింది. మాత్ర పనిచేయకపోతే అత్తగారి మాటే నిజమవుతుంది. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గర నోరు తెరవగలదు? పనిచేస్తే మరీ భయం. పైకి లేచిన ఆ చేతుల్ని ఆమెకంటే ముందు ఇల్లంతా చూసి పనులు పురమాయిస్తుంది. నొప్పి ఒక్కటే ఆమెకి దొరికిన సెలవు, అదీ ఎవరూ ఒప్పుకోని సెలవు. నిన్న పొద్దున స్నానాల గదిలో జారి కూర్చుని, లేవలేక, పిలిస్తే ఎవరేమంటారోనని పిలవక, తడి నేల మీదే ఉండిపోయింది. రేపు తెల్లారకపోతే బాగుండుననిపించింది. ఆ కోరిక ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

"గిన్నెలు దించిపెట్టండి" అంది భర్తతో.

"రేపట్నుంచి వడ్డన కూడా నాకే చెప్తావేమో" అంటూ దించాడు.

పొద్దుటి భోజనానికి అన్నం, చారు, నంజుకునే కూరలు బల్ల మీద పెట్టింది. అత్తగారు వచ్చి కూర్చుని, వాతావరణ వార్తల వైపు తిరిగింది. పెద్దావిడ స్పూను ఎత్తేదాకా ఇంకెవరూ ఎత్తరు. ఆవిడ ఎత్తాక చారు చల్లారిందంటుంది, మల్‌సున్ లేచి వేడి చేస్తుంది. ఆనక ముల్లంగి అయిపోతుంది, మళ్ళీ లేస్తుంది. తను తినబోయేసరికి పనికి వెళ్ళే వేళవుతుంది. నాకు ముందు తినాలని ఉందని మొన్నొకసారి చెప్పి చూసింది. "తినవే, నీ నోరెవరు కట్టేశారు?" అంది అత్తగారు, ఆ గొంతుకి ఎవరైనా ముద్ద మింగగలిగితే కదా!

మల్‌సున్ సొరుగులోంచి పొట్లం తీసి తన గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. స్పూను తీసుకుంది. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగింది. తలే వంచి, నోటిని స్పూను దగ్గరికి తీసుకెళ్ళింది.

టీవీ మాట్లాడుతూనే ఉంది. "అమ్మ ఇంకా ఎత్తలేదు" అన్నాడు తేసిక్, చిన్నపిల్లకి గుర్తుచేస్తున్నట్టు.

"చూశాను."

అత్తగారు ఇటు తిరిగింది. పొట్లాన్నీ కోడలి నోటినీ మార్చి మార్చి చూసింది. "మరి కిమ్చీ ఎవరు పెడతారే?"

మల్‌సున్ రెండో ముద్ద మింగింది, మూడోది కూడా. తొందరపడలేదు.

"క్యాబేజీలు బాల్కనీలో ఉన్నాయత్తయ్యా. ఉప్పు సంచీ వాటి కిందే ఉంది" అంది, పళ్ళతో పొట్లం చింపుతూ.