బాపు వీపు మీది తూటా మచ్చ

మా బాపు మైసయ్య యుద్ధంలో గాయపడ్డాడన్న మాట నేను ఇరవై ఏడేళ్లుగా నమ్మలేదు. కన్నకూతురు అనాల్సిన మాట కాదు, తెలుసు. కానీ నేను నర్సుని. ఖానాపూర్ దవాఖానలో కట్లు కట్టీ కట్టీ చేతులు అరిగిపోయాయి. తూటా దూరిన చోట చిన్న మచ్చ పడుతుందనీ, బయటికొచ్చిన చోట పెద్దగా చీలుతుందనీ మాకు చదువులోనే చెప్పారు. బాపుకు వీపు మీద, ఎడమ రెక్క పైన రేగుపండంత మచ్చ. ముందు, కాలరు ఎముక కింద అరచేతి వెడల్పు. అంటే తూటా వెనుక నుంచి తగిలింది. శత్రువుకు వీపు చూపించే సిపాయి ఏం చేస్తుంటాడు? పరుగెత్తుతుంటాడు.

ట్రైనింగ్ అయిన కొత్తలో, ఆయన వీపుకు నూనె రాస్తూ ఇది కనిపెట్టాను. నా చెయ్యి ఆగిపోయింది. "ఏమైందే?" అన్నాడు. "ఏం లే" అన్నాను. ఇద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే ఊరుకుంటుందా? అన్నీ దానికి సాక్ష్యాలే అయ్యాయి. మా మెథడిస్టు గుడిలో ఏటా కోత పండుగ నాడు ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. మేక తప్పిపోయి దొరికిందని కూడా చెబుతారు. తూటా తగిలి బతికొచ్చిన మా బాపు మాత్రం యాభై ఏళ్లలో ఒక్కసారీ లేవలేదు. మాజీ సైనికుల సభలకు పోలేదు. గాయానికి ఇచ్చే పింఛను అడగలేదు. పైగా ఏటా డిసెంబరులో ఒకరోజు ఒక్కడే బస్సెక్కి చెన్నూరు పోయి సాయంత్రానికి వచ్చేవాడు. "ఆడ ఇంకో పొయ్యి అంటిచ్చిండు నీ బాపు" అని, ఇంకో సంసారం ఉందన్న అనుమానంతో మా అమ్మ చనిపోయేదాకా సణిగింది. నేనూ కాదనలేదు.

పోయినేడు బాపు చనిపోయాడు. మాలో మగవాళ్ల శవానికి స్నానం చేయించేది సంఘ పెద్దలు. ఫిలిప్ మామ చేయించాడు, రెండు మచ్చలూ చూశాడు. ఆయన కడుపులో మాట దాగదు. మూడో రోజుకల్లా సంఘమంతా గుసగుసలు.

ఇప్పుడు సంవత్సరీకం కూడిక దగ్గరికొచ్చింది. ఆ రోజు పెద్ద సంతానం గుడిలో నిలబడి చనిపోయినవారి జీవిత చరిత్ర చదవాలి. అంటే నేను. "దేశం కోసం గాయపడ్డాడు" అని రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. దేవుని గుడిలో అబద్ధం చదవలేను. నిజం తెలియకుండా కన్నతండ్రిని పిరికివాడనీ ఒప్పుకోలేను.

చివరికి ట్రంకుపెట్టె దులిపితే బాపు డిశ్చార్జి బుక్కు దొరికింది. దాని మధ్యలో మడతలు చిరిగిన టైపు కాగితం. 1971 డిసెంబరు, పంజాబు సరిహద్దు, శత్రువు కాల్పుల్లో ఎడమ భుజానికి తూటా అని ఉంది. రాయించినవాడు ఏం చెబితే కాగితం అదే చెబుతుంది, నమ్మడానికి నేనేం చిన్నపిల్లనా? కింద సాక్షి పేరు: సిపాయి సదానందం, చెన్నూరు. ఆ ఊరి పేరు చూడగానే ఒళ్లు మండింది. సాక్షి అట, సాక్షి. మరునాడే సెలవు పెట్టి, మంచిర్యాలలో బస్సు మారి చెన్నూరులో దిగాను.

"మిల్ట్రీ సదానందమా?" అని అడిగిన మొదటివాడే ఇల్లు చూపించాడు. పంద్రాగస్టుకు అక్కడి బడిలో జెండా ఎగరేసేది ఆయనేనట. తలుపు తీసింది ఆయన భార్య భూమవ్వ. నేను ఆమె మొహం కంటే ముందు గోడ మీది ఫోటోల్లో పిల్లల ముక్కులు చూశాను. మా బాపు ముక్కు ఎవరికీ రాలేదు. సిగ్గుపడాల్సింది పోయి, మరి ఇంకేం దాచారో అనుకున్నాను.

"మైసన్న బిడ్డవా?" సదానందం మంచం మీద నుంచి లేవబోయి లేవలేకపోయాడు. మోకాళ్లు పోయాయి. "పోయిన డిసెంబర్ల అన్న రాలే. అప్పుడే సమజైంది నాకు." చాయ్ పెట్టమని భార్యను లోపలికి పంపాడు. నాకు అదీ అనుమానమే.

కాగితం ఆయన ఒళ్లో పెట్టాను. "కాకా, నేను నర్సుని. గీ తూటా ఎనుకకెల్లి తాకింది. నువ్వు సాక్షివి. మా బాపు ఉరికిండా, లేదా? గంతే చెప్పు."

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉరుకలే బిడ్డా. బర్రెను కొట్టబోయిండు."

"బర్రెనా?"

"ఊరోళ్లంత ఇండ్లిడిసి పోయిండ్రు. ఎవలదో బర్రె తలుగు తెంపుకొని గోధుమ చేన్ల పడ్డది. అప్పుడప్పుడే మొలక. మైసన్న సూసి తట్టుకోలే. ఎవని కష్టమో బర్రె పాలైతుందని తుపాకి ఆడవెట్టి, కట్టె పట్టుకొని మోర్చ గుంతలకెల్లి ఎక్కి పోయిండు. ఎవలికి చెప్పలే. తెల్లారే యాళ్ల, మంచు. నేను అప్పుడే పహరాకెక్కిన, పంతొమ్మిదేండ్లోన్ని. మంచుల ఎవడో వంగి నడుస్తుండు. ముందుగాల ఎవలని అడుగాలె. అడుగలే. కాల్చిన."

ఆయన కాగితాన్ని మడతల వెంట మళ్లీ మడిచాడు. నిజమో అబద్ధమో తేల్చుకోలేకపోయాను.

"ఏడ తాకింది?"

కుడిచేతిని తన ఎడమ భుజం మీదుగా వేసి, సరిగ్గా ఆ చోటే వేలు ఆనించాడు. నేను ఇంకా లొంగలేదు. "మరి మా బాపు ఎందుకు చెప్పలే?"

"నన్ను కోర్టుకెక్కిస్తరని. దవాఖానల సాబుకు దుష్మన్ తూటనే అని రాయిచ్చిండు, బైబిల్ మీద చెయ్యేసి. నన్నే సాక్షి వెట్టిండు. 'అబద్దమాడినోన్ని గుడిల ఎట్ల లేస్త, అబద్దం మీద పింఛన్ ఎట్ల తింట' అన్నడు. ఏటా గా దినం వచ్చి నా తాన కూసునెటోడు. నేను ఏడ్సెటోన్ని, అన్న ఊకుంచెటోడు."

పుండు మీద కారం చల్లినట్టు ఆయన ఇంకో మాట అన్నాడు.

"నీ సంగతి గూడ చెప్పిండు. 'నా బిడ్డ వీపు సూసి నేను ఉరికిన్ననుకుంటది. నూనె రాస్తుంటే దాని చెయ్యి ఆగింది, నాకెర్కయింది' అన్నడు. 'చెప్పరాదె అన్నా' అంటి నేను. 'దాని నోట్లె నువ్వుగింజ నానది. నీ పేరు బయటవడ్తది. అనుకోనియ్ తియ్' అని నవ్విండు."

ఇరవై ఏడేళ్లు ఆయన నా చూపు చూస్తూనే నేను పెట్టిన అన్నం తిన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. చాయ్ తెచ్చిన భూమవ్వ "ఏమైందే బిడ్డా?" అని నా తల నిమిరింది. ఆమెకేమీ తెలియదు.

నేను లేస్తుంటే సదానందం అన్నాడు. "గుడిల నా పేరు వెట్టి చెప్పు బిడ్డా. నాకిగ బుగులు లేదు." ఉంది. భార్య వైపు పోయిన ఆయన కళ్లలోనే ఆ భయం ఉంది.

కూడిక నాడు గుడి నిండిపోయింది. "పంజాబు సరిహద్దులో, సైన్యంలో ఉండగా తూటా తగిలింది" అని చదివాను. ముగించి కూర్చోబోతుంటే ఫిలిప్ మామ లేచాడు.

"మంచిగనే సదివినవ్ హెప్సిబా. తానం చేపిచ్చినోన్ని గన్క అడుగుతున్న. గా తూటా ముంగటికెల్లి తాకిందా, ఎనుకకెల్లా?"

గుడంతా నా వైపు తిరిగింది. బర్రె, గోధుమ చేను, మంచు, సదానందం, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. చెబితే మామ అక్కడే తల దించుకునేవాడు, కానీ ఆ మాట చెన్నూరు దాకా, భూమవ్వ దాకా పోయేది.

"ఎనుకకెల్లే మామా" అన్నాను.

ఇంకేమైనా చెబుతానని అందరూ కాసేపు చూశారు. చెప్పలేదు. వెనుక బెంచీల్లో ఎవరో "నేను అనలే?" అన్నారు. నా చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్లూ ఈ అవమానాన్ని బాపు మోసింది ఊరి ముందు కాదు, నా ముందు. నేను కాగితం మడిచి కూర్చున్నాను.