స్తంభం మీది గొంతు

వాన గట్టిగా పట్టుకుంటే మా ఆయన మాట్లాడతారు. ఆయన పోయి రెండేళ్ళయింది.

దెయ్యం కథ మొదలుపెట్టాననుకోకండి. ఆయన రేడియోలో వార్తలు చదివేవారు. మున్సిపాలిటీ వాళ్ళు అడిగితే వరద హెచ్చరిక ఒకటి రికార్డు చేసి ఇచ్చారు. కాలువ పొంగేలా ఉంటే టౌన్ హాలు వెనక గదిలో ఉండే మైకు ఆపరేటరు మీట నొక్కుతాడు. వీధి స్తంభాలకు కట్టిన స్పీకర్లలో ముందు మా ఆయన గొంతు సవరించుకోవడం వినిపిస్తుంది. దాన్ని కత్తిరించాలని ఎవరికీ తోచలేదు. తర్వాత మాట మొదలవుతుంది. "పల్లపు వీధి వాళ్ళు పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని టౌన్ హాలుకు రండి. కంగారు పడకండి. ఇంకా సమయం ఉంది." ఆ చివరి ముక్క మున్సిపాలిటీ ఇచ్చిన కాగితంలో లేదు, ఆయన సొంతం. ఇంట్లో ఏ పని చెప్పినా టైము లేదనే మనిషి, ఊరికి మాత్రం ధారాళంగా ఇచ్చారు.

నేను కిటికీ దగ్గర నిలబడి "గొడుగు తీసుకెళ్ళారా?" అని అడుగుతాను. "అన్నం తిన్నారా?" అంటాను. పిచ్చిదాన్ని కాదు, జవాబు రాదని తెలుసు. ఆపరేటరు ఆ రికార్డును నా ఫోనులో కూడా ఎక్కించి ఇచ్చాడు. ఒకసారి విని పక్కన పెట్టేశాను. ఫోనులో అది ఉత్త రికార్డే. వానలో, స్తంభం మీద నుంచి వస్తేనే ఆయన డ్యూటీలో ఉన్నట్టు, కాస్త ఆలస్యంగా ఇంటికొస్తారన్నట్టు ఉంటుంది. అందుకని నాకు మబ్బు పడితే ప్రాణం లేచొస్తుంది. పల్లపు వీధి వాళ్ళు సామాన్లు అటక మీదికి ఎక్కిస్తుంటే నేను ఇంకాస్త కురవాలని కోరుకుంటాను. సిగ్గుగానే ఉంటుంది. అయినా కోరుకుంటాను.

ఇలా ఉండగా మా మున్సిపల్ చైర్మన్‌కు ఒక టీవీ యాంకరమ్మను సన్మానించాలని బుద్ధి పుట్టింది. పోయిన వానల్లో ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మా ఊరి కష్టాలు లోకానికి చెప్పింది. కెమెరా ఆగగానే ఇద్దరు మనుషులు ఆవిడను ఎత్తుకొచ్చి గట్టున దింపారు, అది వేరే సంగతి. సోమవారం సన్మానం. అదే రోజు నుంచి హెచ్చరిక కూడా ఆవిడ గొంతుతోనే. పాతది తీసేస్తారట.

ఆ కబురు విని మాజీ చైర్మన్ ఒంటికాలి మీద లేచాడు. మా ఆయన పోయినప్పుడు చైర్మన్ ఇతనే. ఆ రోజు గుమ్మం తొక్కలేదు గానీ డ్రైవరు చేత దండ పంపాడు. ఇప్పుడు తడిసి ముద్దయి వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు.

"అక్కా, ఈ ఊరికి గొంతంటూ ఉంటే అది బావగారిదే. ఆదివారమే సన్మానం పెడుతున్నా. మీరు స్టేజీ మీద కూర్చుంటే చాలు."

"పోయిన మనిషికి సన్మానమేంటి?"

"ఆయనెక్కడికి పోయారక్కా, మన మధ్యే ఉన్నారు."

పరామర్శకు వచ్చిన ప్రతివాడూ అనే మాటే ఇది. నాకు మాత్రం వానాకాలంలో అది నిజం.

"నేను వస్తే ఆ గొంతు తీసెయ్యకుండా ఆపగలవా?"

"మావాళ్ళు కౌన్సిల్లో లేచారంటే ఈ చైర్మన్ నీళ్ళు నమలాల్సిందే. మీరు కూడా స్టేజీ మీద అతన్ని రెండు ముక్కలు అన్నారంటే పని ఇంకా తేలిక."

"అనను. కూర్చుంటాను."

ఆదివారం పొద్దున్నించీ ఒకటే వాన. సాయంత్రం టౌన్ హాల్లో ముందు మూడు వరసలు నిండాయి, మిగతావి ఖాళీ. వెనక బ్యానరు మీద మాజీ చైర్మన్ మొహం నిలువెత్తున ఉంది. మా ఆయన మొహం మూలన, పోస్టాఫీసు స్టాంపంత. ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని రాయించారట గానీ మాజీ గారి భుజం దాని మీద పడింది.

ప్రసంగాల్లో మా ఆయన గురించి నాలుగు మాటలు, చైర్మన్ గురించి నలభై. ఖాళీ కుర్చీలు చూసి మాజీకి ఉక్రోషం పట్టుకున్నట్టుంది, ఆపరేటరును పిలిచాడు.

"సారు గొంతు వినిపించు. ఊరంతా వినాలి. వాళ్ళింట్లో కూర్చుని ఆ చైర్మన్ కూడా వినాలి."

"ఊళ్ళో స్పీకర్లలో వద్దు, అన్నా. కాలువలో నీళ్ళు సగానికే ఉన్నాయి. జనం నిజమనుకుంటారు."

"గౌరవంగా వినిపిస్తున్నామయ్యా. వెయ్యి."

ఆపరేటరు నా వైపు చూశాడు. నేను వద్దంటే ఆగేవాడే. బయట వాన కుండపోతగా ఉంది. వినాలనిపించింది. తల వంచుకుని ఊరుకున్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల గోలలో ఆయన ఏమన్నారో నాకు సరిగా వినపడనే లేదు.

తర్వాత ఇద్దరు మాట్లాడారో ముగ్గురో, తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చారు, పదులమీద పదులు. మాజీ మొహం వెలిగిపోయింది. "చూడండి, వానను కూడా లెక్కచెయ్యకుండా ప్రజలు ఎలా తరలివస్తున్నారో" అన్నాడు మైకులో. అంతలో వాళ్ళ చంకల్లో పసిపిల్లలు, నెత్తిన పరుపుచుట్టలు కనిపించాయి. ఒకతను ముసలి తండ్రిని వీపున మోసుకొచ్చాడు. దారిలో జారిపడ్డారేమో, ముసలాయన నుదుటి నుంచి రక్తం కారుతోంది. పల్లపు వీధిలో బట్టలు కుట్టే ఆమె కుట్టుమిషను ఊడదీసి గుడ్డలో చుట్టి ఎత్తుకొచ్చింది. నన్ను చూసి తిన్నగా స్టేజీ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, సారు పిలిచారు. ఎక్కడ కూర్చోమంటారు?"

"నీళ్ళు రాలేదమ్మా" అన్నాను. "ఇళ్ళకి వెళ్ళొచ్చు."

"సారు రమ్మన్నారు కదా. ఆయన చెప్పాక నీళ్ళు రాకుండా ఉంటాయా? మళ్ళీ సారు వెళ్ళమంటేనే వెళ్తాం."

ఆ వెళ్ళమనే మాట రికార్డులో లేదు. బతికున్నన్నాళ్ళూ దాన్ని ఆయన కాలువ సంగతి కనుక్కుని రేడియోలో అప్పటికప్పుడు చెప్పేవారు. ఈ రెండేళ్ళూ నీళ్ళు తీయడం కళ్ళతో చూసుకుని వెళ్ళారు, ఇవాళ తీయడానికి నీళ్ళే రాలేదు. జన్మలో రూఢి కాని వార్త ఒక్కటి చదవని మనిషి చేత ఇంత అబద్ధం ఆడించాం. ఆడించింది మాజీ ఒక్కడే కాదు, నేను కూడా.

మాజీ నా చెవి దగ్గరికి వంగాడు. "ఫోటోలు తీస్తున్నారక్కా, వాళ్ళని కుర్చీల్లో కూర్చోమనండి."

నేను లేచి అతని చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఇవాళ కాలువ పొంగలేదు. మీరు విన్నది ఇవాళ్టి మాట కాదు. అది చెప్పిన మనిషి రెండేళ్ళ కిందట చచ్చిపోయారు."

చచ్చిపోయారు అన్న మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఇన్నాళ్ళూ పోయారనే అన్నాను, వెళ్ళిపోయారనే అన్నాను.

కుట్టే ఆమె మిషను కింద పెట్టింది.

"ఎవరమ్మా? సారా?"

"అవును."

"మొన్న వానలకి కూడా పిలిచారు కదమ్మా."

ఆమె స్టేజీ ఎక్కి వచ్చి తడి చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"మాకెవరూ చెప్పలేదమ్మా. తెలిస్తే ఆ రోజే వచ్చేవాళ్ళం."

నేను మైకు బల్ల మీద పెట్టి వెనక గదిలోకి వెళ్ళాను. ఆపరేటరు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన గొంతు తీసెయ్ తమ్ముడూ."

"రేపు చైర్మన్ చెప్తే తీస్తాలే అక్కా. ఇప్పుడెందుకు?"

"చైర్మన్ కోసం కాదు, నేను చెప్తున్నా. మళ్ళీ ఆ గొంతు వస్తే, నిజంగా నీళ్ళొచ్చినా వాళ్ళు నమ్మరు. ఎవరిదైనా పెట్టు. లేదంటే కాలువ చూసొచ్చి నువ్వే చెప్పు."

"మరి మీరు?" అన్నాడు మెల్లగా. వానొస్తే నేను కిటికీ దగ్గర నిలబడతానని అతనికి తెలుసు.

"తీసెయ్" అన్నాను. తీసేశాడు. క్షణం పట్టని పని.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి మాజీ మనుషులు బ్యానరు విప్పుతున్నారు. పల్లపు వీధి వాళ్ళు ఇంకా వెళ్ళలేదు. కుర్చీలు వదిలేసి నేల మీద, చావింటికి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. కుట్టే ఆమె కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.